ఒక్క పిన్ను మీద

పోయిన వారం ఓబిలేష్‌ని మనం ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందా? బరువు ఆగుతుందో లేదో చూడ్డానికి రాళ్లు నింపి నడుమెత్తు లేపిన బకెట్టు కింద, వెల్లకిలా పడుకుని, పళ్ల మధ్య స్పానరు కరుచుకుని ఉన్నాడు. ట్రాక్టరు సీటు మీద అతని భార్య గంగాదేవి. ముందు టైరు పక్కన, పావగడ వైపు పల్లె నుంచి బైకు మీద వచ్చిన మెకానిక్ తిప్పయ్య. ఇంటి గడప మీద ఓబిలేష్ తండ్రి దాసప్ప కూర్చుని, "ఎత్తిన బరువు కింద దూరొద్దురా" అని మూడోసారి అంటున్నాడు. పెద్దవాళ్ల మాట ఎప్పుడు విన్నాడు గనక, ఇప్పుడు వినడానికి!

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్లకు రెండు ముక్కలు. ఓబిలేష్ ట్రాక్టరుకు ముందర లోడరు ఉంది. అంటే రెండు ఇనుప చేతులు, వాటి కొసన బకెట్టు. పేడ ఎరువు ఎత్తాలంటే బకెట్టు కావాలి. కాయలు రాల్చిన శెనక్కాయ కట్టె ఎత్తాలంటే బకెట్టు తీసేసి ఇనుప పళ్ల ఫోర్కు తగిలించాలి. ఆ తీయడం, తగిలించడం అంటే ఇద్దరు మనుషులు సమ్మెటలు పట్టుకుని అరగంట పిన్నులు బాదడం. ఆ బాదుడులో ఓసారి ఎడమచేతి వేలి గోరు పోయింది, ఓబిలేష్‌కి కసి పుట్టింది. సీటు దిగకుండా ఒక్క లివరు కదిపి బకెట్టు మార్చాలని రెండు నెలలుగా అదే జపం. వాకిట్లోనే వెల్డింగ్ పెట్టి, చిన్న హైడ్రాలిక్ సిలిండరు బిగించి, దాని రెండు కొసలకూ రెండు పిన్నులు అమర్చాడు. లివరు ముందుకు తోస్తే పిన్నులు బకెట్టు చెవుల్లోకి దూరి పట్టుకుంటాయి. వెనక్కి లాగితే బయటికి వచ్చి వదిలేస్తాయి. వినడానికి ఎంత సులువుగా ఉందో చూడండి.

లివరు దగ్గర కూర్చోడానికి భార్యకు తానే నేర్పాడు. మొగుడూ పెళ్లాల మధ్య రెండే మాటలు. "పట్టు" అంటే ముందుకు తోయాలి. "ఇడు" అంటే వెనక్కి లాగాలి. వదిలేయమని చెప్పడానికి ఆ ఊళ్లో "ఇడు" అనే అంటారు. రెండు రోజులు ఖాళీ బకెట్టు పెట్టి పట్టు, ఇడు, పట్టు, ఇడు అని ఆడించాడు. గంగాదేవి చెయ్యి ఎంత అలవాటు పడిందంటే, నిన్న మజ్జిగ చిలుకుతుంటే పక్కింట్లో ఎవరో దూడను "ఇడు" అంటే ఆమె చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చింది. అందరూ నవ్వారు.

ఇవాళ పొద్దున పదిగంటలకు ఆ నవ్వు ఎవరికీ గుర్తు లేదు.

కింద నుంచి ఓబిలేష్ స్పానరు చేతిలోకి తీసుకుని "పట్టు!" అని అరిచాడు. గంగాదేవి లివరు ముందుకు తోసింది. ఇంజను మూలిగింది. అప్పటిదాకా బకెట్టు చెవి అంచును మాత్రమే పట్టుకుని ఉన్న కుడివైపు పిన్ను నెమ్మదిగా కదిలి, గీరుకుంటూ రంధ్రంలోకి సగం వెళ్లింది. ఆ సగం వెళ్లడం ఓబిలేష్‌కి కనపడదు, గొట్టం అడ్డం. సీటు మీద ఉన్న గంగాదేవికి అసలే కనపడదు. కనపడింది ఒక్క తిప్పయ్యకే. లివరు ఇంకొంచెం సేపు అలాగే పట్టి ఉంచితే చాలు, మిగతా సగం కూడా పోయేలా ఉంది. ఆ సంబరంలో అతను రెండు చేతులూ ఎత్తి అరిచాడు.

"ఇడి! ఇడి అక్కా, ఇడి ఇడి!"

గంగాదేవి లివరు వెనక్కి లాగేసింది.

ఠక్కుమని ఒక చప్పుడు. కుడి పిన్ను చెవిలోంచి ఊడి వచ్చింది. ఎడమ పిన్ను రావాలని చూసింది కానీ, వెల్డింగ్ వేడికి ఎక్కడో కాస్త వంగిందేమో, చెవిలోనే ఇరుక్కుపోయింది. ఒకవైపు పట్టు పోయిన బకెట్టు గిర్రున వాలి, కుడి మూల కిందికి దిగింది. రాళ్లు దొర్లాయి. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి ఒక కేక వచ్చి, మధ్యలో తెగిపోయింది.

గంగాదేవికి పైప్రాణాలు పైనే పోయాయి. ఏం చేస్తున్నదో తెలియకుండానే ఇంజను ఆపేసింది. ఆ ఆపడం ఎంత తప్పో తెలియడానికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది.

"ఏమయ్యా! ఏమయ్యా!" అంటూ సీటు మీద నుంచి దూకి, పడి, లేచి, ముందుకు పరిగెత్తింది. ఓబిలేష్ బతికే ఉన్నాడు. ముఖం మీద మట్టి, కళ్లు పెద్దవై ఉన్నాయి. బకెట్టు కుడి మూల అతని కుడి తొడ మీద ఆని ఉంది. నడుము దాకా బయట, తొడ నుంచి కిందికి ఇనుము కింద.

"కదపొద్దు గంగా. దేన్నీ కదపొద్దు." అతని గొంతు సన్నగా ఉంది. "ఎడం పిన్ను సూడు. ఎంత ఉండాది లోపల?"

ఆమె వంగి చూసింది. రెండు వేళ్ల మందం. అంతే. రాళ్లతో నిండిన బకెట్టు మొత్తం ఆ రెండు వేళ్ల ఇనుము మీదా, తన మొగుడి తొడ మీదా నిలబడి ఉంది.

దాసప్ప గడప మీద నుంచి ఎట్లా వచ్చాడో వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసిన మనిషి. వస్తూనే కొడుకు తల ఒళ్లో పెట్టుకుని కోడలి వైపు చూశాడు. "ఎందుకు ఇడిసినావమ్మా? వాడు కింద ఉండంగా ఎందుకు ఇడిసినావు?"

"తిప్పన్న ఇడు అన్నాడు మామా! ఇడు ఇడు అని అరిసినాడు, నువ్వూ ఇన్నావు గదా!"

తిప్పయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇడు అనలేదక్కా. ఇడి అంటిని. ఇడి అంటే మా కన్నడంలో పట్టుకో అని. గట్టిగా పట్టుకో అని అంటిని."



ఆ సరిహద్దు పల్లెల్లో రెండు భాషలూ ఒకే వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటాయి. సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. పిల్లనిస్తారు, పిల్లను తెచ్చుకుంటారు, దుడ్లు అన్నా డబ్బులన్నా అర్థమవుతుంది. అర్థమవుతుందనే ధీమాయే కొంప ముంచింది. అటువైపు పట్టుకోమని చెప్పే మాట ఇటువైపు వదిలేయమనే మాటకు కవల పిల్ల కావడం ఇన్నేళ్లలో ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. ఇవాళ వచ్చింది.

గంగాదేవి తన కుడి అరచేతిని చూసుకుంది. లివరు నల్లటి గ్రీజు దాని మీద ఇంకా ఉంది. ఆ చేతిని నరికేసుకోవాలనిపించింది.

108కి తిప్పయ్యే ఫోన్ చేశాడు. బండి కళ్యాణదుర్గం నుంచి బయల్దేరుతుందన్నారు, ముప్పావు గంట పడుతుందన్నారు. ముప్పావు గంటే కదా, ఓర్చుకుంటాడులే అని దాసప్ప అనబోయాడు. అప్పుడు ఓబిలేష్ అన్నాడు.

"నాయనా, ఇంజను ఆగినట్లుండాదే?"

"ఆపినా," అంది గంగాదేవి.

ఓబిలేష్ కళ్లు మూసుకున్నాడు. ఆ మూసుకోవడంతోనే ఆమెకు అర్థమైంది. ఈ లోడరు సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. సిలిండర్లలో నూనె ఆపే సీళ్లు అరిగిపోయాయి. ఇంజను ఆపి చేతులు పైన వదిలేస్తే నూనె లోలోపలే జారి, చేతులు కాస్త కాస్త దిగుతాయి. సాయంత్రం నడుమెత్తున పెట్టిన బకెట్టు తెల్లారేసరికి నేల మీద ఉంటుంది. "మా బండికి కూడా రాత్రయితే నిద్రొస్తాది" అని ఓబిలేష్ నవ్వుతూ చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ బండి అతని తొడ మీద నిద్రపోవడానికి దిగుతోంది.

"గంటకు ఎంత దిగుతాదప్పా?" అని అడిగాడు తిప్పయ్య.

"జానెడు."

ఆ జానెడులో ఓబిలేష్ ఎముక ఎక్కడ విరుగుతుందో లెక్క వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

పరుగులు మొదలయ్యాయి. కంచెకు నిలబెట్టడానికి తెచ్చిన రాతి కూసాల్లో విరిగిన ముక్క ఒకటి ఉంటే, దాసప్పా తిప్పయ్యా దొర్లించుకొచ్చి బకెట్టు మూల కింద ఆనించబోయారు. రాయి ఇనుముకు తగలగానే ఎడమవైపు పిన్ను కిర్రుమంది. "తీసేయండి! తీసేయండప్పా!" అని ఓబిలేష్ గావుకేక పెట్టాడు. తీసేశారు. కాలి కింద నేల తవ్వుదామని దాసప్ప గడ్డపార తెచ్చాడు. రెండు అంగుళాలు దిగింది, ఖంగుమంది. ఆ వాకిలి కింద అంతా రాతి పలకే. గట్టి నేల, ట్రాక్టరు దిగబడదు అని మురిసిపోతూ ఇల్లు అక్కడే కట్టుకున్నారు మరి. బకెట్టులోంచి రాళ్లు తీసేద్దామంటే, ఒక రాయి ముట్టుకోగానే బకెట్టు ఊయలలా ఊగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ పరిస్థితి.

"మళ్లీ ఎత్తాల్సిందే," అన్నాడు ఓబిలేష్. చెమటలు చెవుల్లోకి కారుతున్నాయి. "ఇంజను పెట్టి చేతులు నాలుగు వేళ్లు పైకి లేపాల. అదే సమయంలో తిప్పయ్య గడ్డపారతో ఈ మూలను ఎగదోయాల. నాయన నన్ను లాగాల. నాలుగు వేళ్ల కంటే ఎక్కువ లేస్తే ఎడం పిన్ను ఊడుతాది. ఊడితే..."



"నేను ఎక్కుతా బండి," అన్నాడు తిప్పయ్య.

"గడ్డపార ఎవరు పట్టాల? నాయనా? ఆయనకు చెంబు ఎత్తితేనే చేతులు వణుకుతాయి. అయినా నా బండి లివర్లు నీకు తెలీవు. నాలుగుండాయి, ఒకదాని మీదా రాత లేదు. దేన్ని ముట్టుకుంటే ఏం కదులుతాదో నాకూ దానికే తెలుసు."

దానికి అంటే గంగాదేవికి. ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"నేను ముట్టను," అంది ఆమె. రెండు అడుగులు వెనక్కి వేసింది. "నా చేత్తో ఇంగ దాన్ని ముట్టను. ఎవర్నన్నా పిలుద్దాం. తిప్పన్నా, ఊళ్లోకి పోయి ఎవర్నన్నా పిల్సుకోనిరా. నాతో కాదు."

"వద్దమ్మా, నువ్వు ముట్టొద్దు," అన్నాడు దాసప్ప కూడా. గొంతులో కోపం లేదు, భయమే ఉంది. "ఒకసారికే చాలు."

ఆ మాట గంగాదేవికి చెంపదెబ్బలా తగిలింది. నిజమే కదా అనిపించింది కూడా. పెళ్లయిన పదకొండేళ్లలో మామ ఆమెను ఒక్క మాట అని ఎరగడు. ఇవాళ అన్నది కూడా తిట్టు కాదు, నిజం.

ఓబిలేష్ పిలిచాడు. "మేయ్ గంగా. ఇట్ల రా. దగ్గరికి రా."

ఆమె వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. అతని చెయ్యి చల్లగా ఉంది. ఏప్రిల్ ఎండలో, రాయి కాలిపోతున్న వాకిట్లో, అంత చల్లగా ఉన్న ఆ చేతిని ఆమె తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"భయమైతాందా?"

"సచ్చిపోతాండా భయంతో."

"అదే కావాల. భయం ఉండే చెయ్యి మెల్లగా కదులుతాది. భయం లేనోన్ని నేను, సూడు, నాయన మూడుసార్లు చెప్పినా ఇనకుండా యాడ పండుకోనున్నానో." నవ్వబోయాడు, రాలేదు. "తొందరగా ఎక్కు. ఇనుము దిగతాండాది, నాకు తెలుస్తాండాది."

ఆమె లేచింది. లేచి, మామ మెడలోని ఎర్ర తువ్వాలు లాక్కుని మొగుడి చేతిలో పెట్టింది.

"మాటలొద్దు," అంది. "ఎవ్వరూ నోరు తెరవొద్దండి. తెలుగూ వద్దు, కన్నడమూ వద్దు. మాటతోనే ఇంత దూరం వచ్చింది. ఇది పైకెత్తితే నేను లేపుతా. కిందికి దించితే చెయ్యి తీసేస్తా. నువ్వే ఎత్తు, నువ్వే దించు. ఇనుము ఎంత లేస్తాండాదో నీకే తెలుస్తాది."

తిప్పయ్య చేతులు జోడించాడు. నోరు మాత్రం తెరవలేదు.

ఆమె సీటు ఎక్కింది. అక్కడ నుంచి చూస్తే మొగుడు కనపడడు. బకెట్టు వీపు, ఇనుప చేతులు, దుమ్ము, అంతే. కుడి పక్కన నేల మీద ఒక మోచెయ్యి, అందులో ఎర్ర తువ్వాలు. ఆమె సంసారమంతా ఆ మూరెడు గుడ్డలో ఉంది.

కదిరి నరసింహస్వామిని తలుచుకుని తాళం తిప్పింది. ఇంజను దగ్గి, అంటుకుంది. బండి మొత్తం ఒక్కసారి వణికింది. ఆ వణుకుకు బకెట్టు గలగలమంది, లోపలి రాళ్లు ఒకదానితో ఒకటి పళ్లు కొరికాయి. తువ్వాలు కదల్లేదు. ఊడలేదు. ఇంకా ఊడలేదు.

తువ్వాలు లేచింది.

చేతులు లేపే లివరు మీద రెండు వేళ్లు మాత్రమే పెట్టింది. లాగలేదు, ఆనించింది. ఇనుప చేతులు మూలుగుతూ ఒక వేలు మందం లేచాయి. తువ్వాలు పడింది. ఆమె చెయ్యి తీసేసింది.

మళ్లీ తువ్వాలు లేచింది. ఇంకో వేలు. తిప్పయ్య గడ్డపార మీద పడి బరువంతా వేస్తున్నాడు, అతని మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. తువ్వాలు పడింది. ఈసారి పడిన తీరు బాగాలేదు. దించినట్టు లేదు, చేతిలోంచి జారినట్టు ఉంది. స్పృహ పోయిందా? పోతే ఎవరు ఎత్తుతారు, ఎవరు దించుతారు? నోరు తెరిచి అడగాలనిపించింది. తానే వద్దంది కదా. పెదవి కొరుక్కుంది. నోట్లో నెత్తురు రుచి తగిలింది.

లోపల ఎక్కడో "అయ్యో దేవుడా, అయ్యో దేవుడా" అని ఎవరో అంటున్నారు. అది తన గొంతే అని కాసేపటికి గానీ తెలియలేదు.

తువ్వాలు వణుకుతూ వణుకుతూ మూడోసారి లేచింది. సగమే లేచింది. సగం అంటే ఏమిటి? లేపమనా, ఆగమనా? ఇలాంటిదొకటి వస్తుందని ఎవరూ అనుకోలేదు. మాటకు రెండు అర్థాలుంటాయని గుడ్డ పట్టుకుంటే, గుడ్డకూ వచ్చాయి. గంగాదేవి దేవుణ్ణి అడగలేదు, ఎవర్నీ అడగలేదు. ఆ చెయ్యి తనకు తెలుసు. జ్వరంలో నీళ్లు కావాలన్నప్పుడు ఇలాగే సగం ఎత్తేవాడు. వద్దంటే అసలు ఎత్తేవాడు కాదు. ఆమె లివరు ఆనించింది.

ఇనుప చేతులు లేచాయి. తిప్పయ్య ఒక్క ఊపు ఊపాడు. దాసప్ప, ఆ చెంబు ఎత్తలేని దాసప్ప, కొడుకు చంకల కింద చేతులేసి వెనక్కి వాలాడు.

అప్పుడు ఎడమ పిన్ను ఊడింది.

వాకిలి అదిరింది. బకెట్టు నేలను తాకిన చప్పుడుకు చూరు కింద పిచ్చుకలు లేచిపోయాయి. తెల్లటి దుమ్ము మనిషెత్తు లేచి అందర్నీ కప్పేసింది. గంగాదేవి ఇంజను ఆపి అలాగే కూర్చుంది. దిగాలంటే భయం. దిగితే చూడాలి. దుమ్ములో మొట్టమొదట కనపడింది ఎర్ర తువ్వాలే. బకెట్టు అంచు కింద సగం నలిగి, సగం బయట.

ఆమె దిగింది. పాకుతూ వెళ్లింది. "లేదు, లేదు, లేదు" అంటూ వెళ్లింది.

బకెట్టుకు రెండు అడుగుల అవతల దాసప్ప వెల్లకిలా పడి ఉన్నాడు. అతని గుండెల మీద ఓబిలేష్ తల. ఓబిలేష్ కళ్లు తెరిచి ఆకాశం చూస్తున్నాడు. ఊపిరి ఆడుతోంది. రొమ్ము లేచి దిగుతోంది. ఆ లేవడం చూసి గంగాదేవి భోరున ఏడ్చింది. తిప్పయ్య గడ్డపార పారేసి, నేల మీద చతికిలపడి, తల మోకాళ్లలో పెట్టుకుని, వచ్చిన రెండు భాషల్లోనూ దేవుళ్లందరికీ దండం పెట్టాడు. దాసప్ప కోడలి తల మీద చెయ్యి పెట్టాడు. "నీ చెయ్యి సల్లగుండ," అన్నాడు.

దూరంగా రోడ్డు మీద 108 కూత వినపడింది.

గంగాదేవి కన్నీళ్లు తుడుచుకుని ముందుకు జరిగి, మొగుడి కుడికాలును మెల్లగా ఎత్తి తన ఒళ్లో పెట్టుకుంది. ప్యాంటు తొడ దగ్గర చిరిగింది, నెత్తురు పెద్దగా లేదు. పాదం దాని చోట అది ఉంది. వేళ్లు అయిదూ ఉన్నాయి. మట్టి తుడిచి, అరికాలిని రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది.

"నాయనా," అన్నాడు ఓబిలేష్. గొంతు మామూలుగానే ఉంది, కాస్త విసుగు కూడా ఉంది. "నన్ను సగం లాగి వదిలేస్తిరేంది? కాలు ఇంగా బకెట్టు కిందనే ఉండాది గదా. లాగండి."

దాసప్ప కోడలి వైపు చూశాడు. గంగాదేవి చేతులు ఆగిపోయాయి. ఒళ్లో ఉన్న కాలిని చూసింది. బొటనవేలి మీద తన గోరు పెట్టి, గట్టిగా, చర్మం తెగేటంత గట్టిగా నొక్కింది. ఓబిలేష్ ముఖంలో రెప్ప కూడా కదల్లేదు.

"ఏమే, బెల్లం కొట్టిన రాయి మాదిరి కూసున్నావు?" అన్నాడతను, ఆకాశం వైపే చూస్తూ. "ముందు నా కాలు బయటికి తీయండి."